స్వామి వీపు మీద గంధం

ముందు చప్పుడే వినిపించేది. రేపల్లెలో ఆ వీధి ఇంకా పూర్తిగా నిద్ర లేవకముందే, గుడి లోపలినుంచి సాన మీద గంధపు చెక్క తిరిగే చప్పుడు. తడిరాయి మీద తడిచెక్క. ఎవరో నిద్రలో ఏదో చెప్పబోయి, మానేసి, మళ్ళీ చెప్పబోతున్నట్టుండేది. గుడి మెట్ల పక్కన తులసి మాలలు అమ్మే కాంతమ్మ ఆ చప్పుడు విన్నాకే బుట్ట దించేది.

"అయ్యగారు మొదలెట్టారు. ఇహ పొద్దు పొడిచినా పర్వాలేదు" అనేది, పాల క్యాను పట్టుకుని వెళ్ళేవాడితో.

కాసేపటికి చప్పుడు ఆగేది. తెర ఉంగరాలు ఇనపకమ్మీ మీద గలగలమని జారేవి. ఆ తర్వాత ఇక ఏమీ వినిపించేది కాదు. లోపల విజయసారథీ, స్వామీ మిగిలేవారు.

విజయసారథి ఆ వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. తండ్రి తర్వాత తను. గాలికి వంగే రెల్లులాంటి మనిషి, గొంతు కూడా అంతే సన్నం. శనివారం అభిషేకం అయ్యాక స్వామికి గంధంతో అలంకారం చేయడం ఆ గుడి ఆనవాయితీ. నల్లరాతి ముఖానికి గంధం మెత్తి, వేలి కొసతో కనురెప్పలు, ముక్కు, వేణువుకి తగిలీ తగలని పెదవి తీర్చేవాడు. నామం దిద్ది, మాల వేసి తెర తీస్తే, ఎదురు చూస్తున్న జనం ఒక్కసారిగా "గోవిందా" అనేవారు. ఆదివారం పొద్దున స్వామికి నీళ్ళు పోస్తే ఆ ముఖం కరిగి, పళ్ళెంలోకి జారి, తీర్థంగా అందరి అరచేతుల్లోకీ వెళ్ళిపోయేది. వచ్చే శనివారం మరో ముఖం.

ఊరికి తెలిసింది అంతవరకే. ఊరికి తెలియనిది స్వామి వెనక ఉండేది.

మూలవిరాట్టుకీ వెనక గోడకీ మధ్య ఒక సందు. సన్నటివాడైతే పక్కకి తిరిగి దూరవచ్చు. ముందువైపు పని ముగిశాక విజయసారథి ఆ సందులోకి వెళ్ళి, గోడ గూట్లో ప్రమిద పెట్టి, స్వామి వీపుకి గంధం పలచగా పూసి, అది ఆరేలోగా తులసి పుల్లతో ఒక బొమ్మ గీసేవాడు. ఇది తండ్రి నేర్పిన పని. "ముందువైపు ఊరిది రా. వెనకవైపు నీదీ ఆయనదీ" అన్నాడు తండ్రి, చిన్నప్పుడు మొదటిసారి ఆ సందులోకి తీసుకెళ్ళినప్పుడు. ఏ శాస్త్రంలో ఉందని అతనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ వారం మనసులో ఏది బరువుగా ఉంటే అది గీసేవాడు. దుగ్గిరాల దారిలో ఎండబెట్టిన పసుపు కొమ్ముల కళ్ళం. నిజాంపట్నం వైపు నుంచి నడిచి వచ్చిన వాన. పెళ్ళైన కొత్తలో భార్య ఆండాళమ్మ జడ. పిల్లలు పుట్టే అవకాశం లేదని గుంటూరు డాక్టరు చెప్పిన వారం, ఒక ఖాళీ ఉయ్యాల. ఆ ఉయ్యాల సంగతి ఆండాళమ్మకి కూడా తెలియదు. ఇంట్లో ఆమె ముందు మామూలుగా తిరగడానికి, మజ్జిగ బావుందనడానికి, నవ్వడానికి కావలసిన బలం అతనికి ఆ ఉయ్యాల ఇచ్చింది. ఆదివారం నీళ్ళతో అదీ జారిపోయింది.

ఇంకో సంగతి. ఆ బొమ్మల్ని గీసిన మనిషి కూడా ఏనాడూ వాటిని చూడలేదు. వెనక్కి జరిగి చూద్దామంటే వీపుకి గోడ తగిలేది. కంటికి జానెడు దూరంలో, ప్రమిద వెలుగు పడినంత మేర ఒక గీత కనిపించేది, మిగతాది వేలికి తెలిసేది. చీకట్లో తల్లి పక్కన పడుకున్న పిల్లవాడికి తల్లి ముఖం చూడాలనిపించదు కదా, అలా.

గీతిక అతని చెల్లెలి కూతురు. బాపట్లలో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉండేది. శుక్రవారం సాయంత్రం చెరుకుపల్లి మీదుగా వచ్చే బస్సులో ఇల్లు చేరి, శనివారం తలంటుకుని గుడికి వచ్చేది. రెండువేల ఏడులో ఒక శనివారం కెమెరా ఉన్న ఫోనుతో వచ్చింది.

"మావయ్యా, ఒక్క ఫోటో తీసుకోనా? ఆర్కుట్‌లో పెడతాను."

"అదేంటమ్మా?"

"కంప్యూటర్లో ఒక ఊరనుకో. అందరూ అరుగుల మీద కూర్చుని ఉంటారు. మనం ఏదన్నా పట్టుకెళ్ళి చూపిస్తే బావుందనో బాలేదనో అంటారు."

"పనీపాటా లేని ఊరన్నమాట."

"మనూరు కన్నానా?"

కాంతమ్మ మెట్ల దగ్గర్నుంచి పకపకా నవ్వింది.

మూలవిరాట్టుకి ఫోటో తీయరాదని గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. రాయించింది విజయసారథి తండ్రే. గీతిక వేలు పెట్టి ఆ అక్షరాలు చూపించి, మేనమామ ముఖంలోకి చూసింది. అతను స్వామి వైపు చూశాడు. ఆ రోజు పెదవి బాగా కుదిరింది.

"స్వామిని తియ్యకూడదు. కానీ ఇక్కడ స్వామి ఎక్కడ కనిపిస్తున్నాడమ్మా? రాయి ఎక్కడా కనపడట్లేదు. పైనున్నదంతా గంధమే. నేను చేసిన గంధం. తీసుకో."

ఆ గర్భగుడిలో అతని నోట "నేను చేసిన" అనే మాట రావడం అదే మొదలు. వచ్చినప్పుడు ఏమీ అనిపించలేదు. ముల్లు దిగేటప్పుడు అనిపించదు.

మరుసటి వారం గీతిక బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా గుడికొచ్చింది. హైదరాబాదు నుంచి ఎవరో, మస్కట్ నుంచి ఎవరో, ఊరు పేరు చెప్పనివాళ్ళు ఎవరెవరో ఫోటో కింద రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఫోనులో ఒక్కొక్కటీ చదివి వినిపించింది. "కళ్ళు చూస్తుంటే మాట్లాడుతున్నట్టున్నాయి", "ఈ చేతులకి దణ్ణం", "ఇది ఏ ఊరండీ?"

"చేతులకి దణ్ణమా?" అన్నాడు విజయసారథి. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. అవి తడిగా ఏమీ లేవు.

అప్పట్నుంచి ప్రతి శనివారం ఫోటో. మొదట్లో గీతిక వచ్చినప్పుడే వినేవాడు. తర్వాత వారం మధ్యలో తనే స్టేషను దగ్గరున్న నెట్ సెంటరుకి వెళ్ళడం మొదలెట్టాడు. ప్లైవుడ్ గదుల్లో కుర్రాళ్ళ మధ్య, నామంతో, పిలకతో, పైన కండువా కప్పుకుని కూర్చునేవాడు. సెంటరు నడిపే అతను పేజీ తెరిచి ఇస్తే, మౌసు మీద చెయ్యి పెట్టకుండా, కిందికి జరపమని కళ్ళతో చెప్పేవాడు. కొత్త మాట ఏదీ రాని రోజు ఇంటికి వచ్చి అన్నం సరిగా తినేవాడు కాదు.

"ఒంట్లో బాలేదాండీ?" అనేది ఆండాళమ్మ.

"ఏం లేదు. ఎండ."

ఎండేమీ ఉండేది కాదు.

గంధం ఫోనులో బురదలా పడుతోందని గీతిక ఒకసారి మామూలుగా అంది. తర్వాతి వారం గంధంలో పసుపు కలిసింది. ఆ తర్వాత తెనాలి నుంచి తెప్పించిన రంగు పొడులు. ఆ పైన మెరిసే చెంకీలు. వేణువుకి జరీ అంచు. సాన మీద తీసిన గంధం ఇంత పనికి చాలదు కాబట్టి ప్యాకెట్లు వచ్చాయి. చెక్క తిరిగే చప్పుడు తగ్గింది. కాంతమ్మ మాత్రం గమనించింది.

"ఏంటయ్యగారూ, స్వామికి పౌడరేస్తన్నారా? సినిమాకెళ్తన్నాడా ఏంటి?"

అతనికి కోపం వచ్చింది. విననట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

అయినా ఇదంతా ముందువైపు సంగతి. వెనకవైపు ఇంకా అతనిదీ, ఆయనదీ. ఆలస్యమైన రోజుల్లో రెండు గీతలతో సరిపెట్టినా, ఆ సందులోకి వెళ్ళడం మానలేదు. అందులోకి దూరగానే గుండె నెమ్మదించేది. అక్కడ ఏ ఊరూ లేదు.

అంతలో ఎవరో రాశారు: "ఇందులో గొప్పేముంది? మా గుడిలోనూ ఇలాంటివి చేస్తారు. ఇంకా బాగా చేస్తారు." కింద మరో గుడి ఫోటో. నిజంగానే బాగుంది.

గీతిక దాన్ని దాచి ఉంచాల్సింది. చిన్నపిల్ల, నవ్వుతూ చూపించేసింది. విజయసారథి ఆ ఫోటో వంక చాలాసేపు చూశాడు. ఫోను తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"ముందుది చూసి మాట్లాడుతున్నారమ్మా వీళ్ళు. వెనకది చూస్తే తెలుస్తుంది."

"వెనకేముంది మావయ్యా?"

అప్పుడు ఊరుకోవచ్చు. ఏమీ లేదనవచ్చు. హారతి వేళయిందని లేచి వెళ్ళవచ్చు. అవేవీ చెయ్యలేదు. తండ్రి పోయినప్పుడు కూడా బయటపెట్టనిదాన్ని, పేరు తెలియని ఎవడో బాలేదన్నాడని బయటపెట్టాడు.

ఆ శనివారం అతను గీసింది ఒక పడవ. కృష్ణ మీద వంతెన వచ్చాక పెనుమూడి రేవులో పని లేక ఒడ్డున ఒరిగిన పడవ. అర్చకులు తప్ప ఎవరూ గర్భగుడిలో అడుగు పెట్టకూడదు కాబట్టి ఫోను అతనే తీసుకుని లోపలికెళ్ళాడు. సందు చివర నిలబడి, గీతిక చెప్పినట్టు చెయ్యి చాపి నొక్కాడు. ఒక్క క్షణం ఆ చీకటి తెల్లగా పేలింది. అక్కడ అంత వెలుతురు ఎప్పుడూ పడలేదు.

బయటికొచ్చి ఫోనులో చూశాడు. తను గీసిన బొమ్మని తను చూడటం అదే మొదటిసారి. అనుకున్నదాని కన్నా చిన్నగా ఉంది. అనుకున్నదాని కన్నా అందంగా కూడా ఉంది. పడవ కొంచెం ఎడమకి ఒరిగింది. ఆ ఇరుకులో చెయ్యి తిరిగే తీరే అంత. అంటే ఇన్నేళ్ళ బొమ్మలూ అలాగే ఒరిగి ఉంటాయి. జడ, వాన, ఉయ్యాల. స్వామికి అవన్నీ ఒరిగే అందాయి, ఏనాడూ తప్పు పట్టలేదు.

తర్వాతి వారం నిటారుగా గీశాడు. వేలి కోసం కాదు, కంటి కోసం.

గీతిక ఆ పడవ ఫోటోకి "నాలుగు వందల ఏళ్ళ రహస్యం" అని పేరు పెట్టింది.

"అన్నేళ్ళని ఎవరు చెప్పారమ్మా?"

"అలా పెడితేనే చూస్తారు మావయ్యా. నువ్వూరుకో."

చూశారు. ముందెన్నడూ లేనంతమంది చూశారు. తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో మనుషులు దిగి, రిక్షా కట్టించుకుని గుడి ఎక్కడని అడుగుతూ వచ్చారు. స్వామికి దణ్ణం పెట్టి, మెడలు చాచి, "వెనకది ఎలా చూడాలండీ?" అన్నారు.

గుడి కమిటీ చైర్మన్ దశరథరామయ్య. ఊరు రేపల్లే అయినా, వ్యాపారం తెనాలిలో. అద్దాలు, ప్లైవుడ్ కొట్టు. ఆయనకి ఈ ప్రశ్న చాలా నచ్చింది. వారం తిరక్కుండా, తర్వాత సంప్రోక్షణ చేయిస్తే సరిపోతుందని పనివాళ్ళని లోపలికి పంపి, వెనక గోడకి నిలువెత్తు అద్దం బిగింపించాడు. పైన ఒక ట్యూబులైటు. జనం గర్భగుడి పక్కనున్న కటకటాల దగ్గర్నుంచి వంగి చూస్తే, అద్దంలో స్వామి వీపు కనిపిస్తుంది. అద్దం కింది మూల ఎర్ర అక్షరాలు: దాత దశరథరామయ్య, తెనాలి. స్వామి వీపు చూడాలంటే ముందు ఆ పేరు మీద చూపు పడాల్సిందే.

"చూశారా సారథిగారూ! ఇన్నాళ్ళూ మీ విద్య గోడకి చెప్పుకున్నారు. ఇప్పుడు లోకానికి చెప్పుకోండి!" అన్నాడాయన, భుజం మీద చెయ్యేసి.

"అవునండి" అన్నాడు విజయసారథి. నిజం చెప్పాలంటే ఆ రోజు సంతోషంగానే అన్నాడు.

గూట్లో ప్రమిదకి పని లేకుండా పోయింది. అద్దం బిగించాక సందు మరింత ఇరుకయింది. గీస్తుంటే చెంపకి చల్లటి గాజు తగిలేది. తల తిప్పితే తన ముఖమే, ట్యూబులైటులో పాలిపోయి. జనం అద్దం వైపు వరస కట్టేవారు. అది చూసి, ఫోటో తీసుకుని, ప్రసాదం పట్టుకుని వెళ్ళిపోయేవారు. ముందు నిలబడి స్వామి ముఖం చూసేవాళ్ళు తగ్గిపోయారు. వేణువు పెదవుల దగ్గర పెట్టుకుని ఆయన అలాగే నిలబడ్డాడు, కచేరీ మధ్యలో శ్రోతలు లేచి వెళ్ళిపోయిన మనిషిలా.

ఆ తర్వాత అడగడాలు మొదలయ్యాయి. మా వాడి పుట్టినరోజు, పేరు రాయండి. మా ఇంటి బొమ్మ గీయండి. ఇండియా క్రికెట్టు కప్పు గెలిచిన వారం కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. "స్వామీ, ఈ వారం కప్పండీ! మన రేపల్లె పేరు మోగిపోద్ది!" చైర్మన్ కూడా ఫోన్ చేశాడు. గీతిక కూడా, "సరదాగా మావయ్యా" అంది.

గీశాడు. వేణుగోపాలస్వామి వీపు మీద క్రికెట్టు కప్పు.

అన్నిటికన్నా దానికే ఎక్కువ మాటలు వచ్చాయి.

మధ్యాహ్నం భోజనంలో ఆండాళమ్మ చారు పోస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"స్వామి వీపు మీద కప్పేంటండీ?"

"పిల్లలు ముచ్చట పడ్డారు."

"ఇన్నేళ్ళూ అక్కడ బొమ్మలేస్తారని నాకు చెప్పలేదు. సరే, దేవుడి పని. చెప్పకూడదేమో అనుకున్నా. కాంతమ్మ చూసి చెప్తే నాకు తెలిసింది. ఇంతకీ ముందెప్పుడన్నా నా గురించి ఏమన్నా వేశారా?"

జడ గుర్తొచ్చింది. ఉయ్యాల గుర్తొచ్చింది. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఏం వచ్చినా అది కూడా ఒక బొమ్మ కింద రాసే మాటలా ఉంటుందని భయం వేసింది.

"గుర్తులేదు."

ఆమె చారు గిన్నె అక్కడ పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ చలికాలం విజయసారథి తల్లి పోయింది. ప్యాకెట్లు వచ్చేదాకా శనివారం అలంకారానికి గంధం తీసింది ఆవిడే ఎక్కువ. తండ్రి రోజుల్నుంచీ ఇంట్లో సాన ముందు కూర్చుని, పెదవులు కదుపుతూ, చెక్క తిప్పుతూ ఉండేది. ప్యాకెట్లు వచ్చాక ఆవిడకి పని పోయింది. సాన కడిగి, గోడకి ఆనించి, ఎండలో కూర్చునేది. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ చేతులే అతనికి నిద్రలో కనిపించసాగాయి.

మైల రోజుల్లో తెనాలి నుంచి వేరే అర్చకుడు వచ్చి పూజ చేశాడు. మైల తీరాక వచ్చిన మొదటి శనివారం విజయసారథి సాన దించాడు. చాలాకాలం తర్వాత వీధిలో మళ్ళీ ఆ చప్పుడు. కాంతమ్మ బుట్ట దించింది.

ముందువైపు రంగులు లేకుండా, చెంకీలు లేకుండా పూర్తిచేశాడు. ట్యూబులైటు ఆపాడు. తన కండువా తీసి అద్దం మీద కప్పాడు. గూట్లో ప్రమిద పెట్టి, పక్కకి తిరిగి సందులోకి దూరాడు. అమ్మని ఇక్కడికి తెచ్చుకోవాలి. ఆవిణ్ణి దింపుకోవడానికి అతనికి ఈ లోకంలో ఇంకో చోటు తెలియదు. శ్మశానంలో ఏడవలేదు. పదో రోజున ఏడవలేదు. ఇక్కడ ఒక గీత పడితే చాలు.

గంధం పూశాడు. తులసి పుల్ల ఆనించాడు. ముడుచుకున్న వేళ్ళు, అరిగిన గోళ్ళు, సాన అంచుని పట్టుకున్న బొటనవేలు. చెయ్యి చకచకా నడిచింది. ఏడుపు ఇన్నాళ్ళకి వస్తోందనుకున్నాడు.

అప్పుడే లోపల ఒక మాట వినిపించింది, ఎవరో పక్కన నిలబడి చదివినట్టు: దీనికి జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

పుల్ల ఆగింది.

ఆ మాట అన్నది ఎవరో కాదు. కండువా కింద అద్దం ఏమీ చూడటంలేదు. ఫోను లేదు, గీతిక బాపట్లలో ఉంది. చీకటి మునుపటి చీకటే, ప్రమిద మునుపటి ప్రమిదే. అయినా అక్కడ అతను ఒంటరిగా లేడు. పేర్లు లేనివాళ్ళు, ముఖాలు లేనివాళ్ళు, ఆ జానెడు సందులో అతనికన్నా ముందే వచ్చి కిక్కిరిసి నిలబడ్డారు. వాళ్ళని లోపలికి పిలిచింది తనే. ఏ తెర వేస్తే వాళ్ళు బయటికి పోతారు?

మళ్ళీ పుల్ల ఆనించాడు. బొటనవేలు ఇంకొంచెం పైకి ఉంటే బావుంటుందనిపించింది. ఎవరికి బావుంటుంది?

అరచేత్తో వీపంతా తుడిచేశాడు. అమ్మ చేతులు గంధంలో కలిసిపోయాయి. ఏడుపు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

హారతికి బయటికొచ్చేసరికి, కమిటీ మనిషి ఎవరో కటకటాల్లోంచి కర్రతో కండువా లాగి ట్యూబులైటు వేశాడు. అద్దంలో అరచేతితో అలికిన వీపు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో ఫోటో తీశారు. రెండు రోజుల్లో నెట్ సెంటరతను పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు.

"స్వామీ, ఈసారి అదిరిపోయిందంట! శూన్యం అంట. ఎంత లోతుందో అని రాస్తన్నారు. వచ్చి చూడండి."

విజయసారథి నవ్వాడు. అతను అంత పెద్దగా నవ్వడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు. అది ఎంతకీ ఆగకపోయేసరికి ఆండాళమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళింది.

వెనక బొమ్మ ఇక లేదని, అద్దం తీసేయమని అతను చైర్మన్‌ని అడిగాడు. దశరథరామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏంటి స్వామీ, అలిగారా? ఏదన్నా కావాలంటే చెప్పండి."

"ఏమీ వద్దండి. అద్దం తియ్యండి చాలు."

"జనం అడుగుతారు కదండీ. ఏం చెప్పమంటారు?"

"అర్చకుడికి చేతకావట్లేదని చెప్పండి."

"అయ్యో, అంత మాటెందుకు?" అన్నాడాయన. ఇబ్బందిగా కాదు, లెక్క కుదిరినవాడిలా. "మీకూ పెద్దతనం వస్తోంది. ప్రతి వారం ఈ శ్రమ ఏంటి? నాకో ఆలోచన ఉంది."

ఆ ఆలోచన ఉగాదికి వచ్చింది. వెండి కవచం. ముందూ వెనకా రెండు బద్దలు, మరలతో బిగించేది. ముందు బద్ద మీద ఎప్పటికీ మారని చిరునవ్వు. వెనక బద్ద మీద తామరపువ్వు, దాని కింద దాత పేరు. తగిలిస్తే పని అయిపోతుంది. ఫోటోలో కూడా మెరుస్తుంది. జనం మొదట మూగారు, తర్వాత తగ్గారు. అద్దం అవసరం పోయి, దాన్ని తీసి కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళికూతుళ్ళు అందులో జడ సర్దుకుంటున్నారు.

గీతికకి ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళింది. ఆర్కుట్ మానేసి అందరూ ఇంకెక్కడికో పోయారని ఫోనులో చెప్పింది. "నీ ఫోటోలన్నీ అక్కడే ఉన్నాయి మావయ్యా, పాస్‌వర్డ్ మర్చిపోయాను" అంది. అతను పర్వాలేదన్నాడు. ఆ పిల్ల మీద అతనికి ఏ కోపమూ లేదు. పిల్ల అడిగింది, తను ఇచ్చాడు.

కోపమంతా ఇంకో చోట ఉంది. దాన్ని దింపుకోవడానికి చోటు లేదు. ఆండాళమ్మతో మాటామంతీ తక్కువైంది. ఎవరైనా పాత అలంకారాల ఊసెత్తితే లేచి వెళ్ళిపోతాడు. శనివారం అభిషేకం చేసి, స్వామి నుదుట ఒక చుక్క గంధం పెట్టి, కవచం బిగించి, తెర తీసేస్తాడు. ఇప్పుడు తెర ఎక్కువసేపు వెయ్యనవసరం లేదు.

ఈ నాలుగు మాటలు రాసుకోవడానికి వచ్చిన మనిషిని అతను గుడి వెనక నూతి గట్టు మీద కూర్చోబెట్టాడు. కాంతమ్మ టీ తెచ్చిచ్చి, "ఏం రాస్తార్లే అయ్యగారి గురించి, నవ్వటం కూడా మానేశాడు" అని గొణుక్కుంటూ పోయింది. విజయసారథి అడిగినవన్నీ చెప్పాడు. ఉయ్యాల సంగతి కూడా చెప్పాడు. అది ఇప్పుడు ఎవరికి తెలిస్తే ఏంటన్నట్టు, పాత బట్టలు మూటకట్టి ఇచ్చేసినట్టు చెప్పాడు. చివర్లో, కవచం కింద వీపు ఎవరికీ కనిపించదు కదా, మళ్ళీ ఎప్పుడైనా గీశారా అన్న ప్రశ్నకి మాత్రం తల తిప్పుకున్నాడు. నూతిలోకి చూశాడు. లేచి, కండువా దులుపుకున్నాడు.

"గియ్యట్లేదండి. అలాగే రాయండి. నిజం అదే. రేపెప్పుడన్నా అది అబద్ధమైందని మీకు తెలిసినా, రాసింది దిద్దకండి."